పెల్లెట్ పొయ్యి మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: పొయ్యి రాజుకోనప్పుడు

పోయిన పాఠంలో పెల్లెట్లు (పొట్టుని నొక్కి చేసిన గుళికలు) పోసే తొట్టి, అంటే హాపర్ అడుగున తిరిగే స్క్రూని విప్పి, పొట్టు తీసి, మళ్లీ బిగించడం నేర్చుకున్నాం. ఇప్పుడు పెల్లెట్లు సరిగ్గానే పడుతున్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది. పది నిమిషాలైనా మంట మాత్రం లేదు. మంట మండాల్సిన గిన్నెలో పెల్లెట్లు కుప్పపడి ఉంటాయి, ఒక్కోసారి సన్నగా పొగ వస్తుంది. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే: రాడ్ పోయింది. రాడ్ అంటే పెల్లెట్లని రాజేసే ఇగ్నైటర్.

కావలిలో ఒక టిఫిన్ హోటల్ వాళ్లు పిలిచినప్పుడూ ఇదే మాట. "రాడ్ పోయిందన్నా, కొత్తది తెప్పించి పెట్టా, బిగించి పో" అన్నాడు ఓనరు. నెల కిందటే ఒకటి మార్చారట. తెల్లవారుజామున నాలుగింటికి ఇడ్లీ పాత్ర పొయ్యెక్కాలి, ఆయన టెన్షన్ ఆయనది. నేనూ ఇంకేమీ చూడకుండా బిగించి వచ్చేశాను. మూడు వారాలకు అదీ పోయింది. అలా మీకు జరగకూడదు. అందుకే రాడ్ మార్చడం చివర్లో చెప్తాను. ముందు అది ఎలా పని చేస్తుందో చూడండి.

ఇగ్నైటర్ రాడ్ అంటే వేలంత స్టీలు గొట్టం. లోపల కరెంటుతో వేడెక్కే నైక్రోమ్ తీగ చుట్ట, దాని చుట్టూ కరెంటు గొట్టానికి పాకకుండా గట్టిగా కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటాయి. చాలామంది ఎర్రగా కాలిన రాడ్ తగిలి పెల్లెట్లు అంటుకుంటాయనుకుంటారు. అలా కాదు. రాడ్ ఒక పెద్ద గొట్టంలో కూర్చుంటుంది. ఫ్యాన్ తోసిన గాలి ఆ గొట్టంలో రాడ్‌ని ఒరుసుకుంటూ పోయి, బాగా వేడెక్కి, గిన్నెకున్న రంధ్రంలోంచి పెల్లెట్ల మీదికి కొడుతుంది. ఆ వేడిగాలికే పెల్లెట్లు రాజుకుంటాయి. అదే గాలి రాడ్‌ని మరీ కాలిపోకుండా కాపాడుతుంది కూడా. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. పొయ్యి పూర్తిగా చల్లారాలి. గిన్నెలో కాలకుండా మిగిలిన పెల్లెట్లు మొత్తం తీసేయండి. కుప్ప అలాగే ఉంచి మళ్లీ స్విచ్ వేస్తే లోపల పొగ నిండిపోతుంది, ఆలస్యంగా నిప్పు తగిలితే ఆ పొగంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. అందులో కిరోసిన్, పెట్రోలు పోసే పని ఎవరు చెప్పినా చేయకండి.

ఇప్పుడు మల్టీమీటర్ (కరెంటు కొలతలు చూసే మీటరు). రాడ్ వైర్లు రెండూ ఊడదీసి, ఓమ్స్‌లో పెట్టి కొలవండి. ఎంత రావాలో రాడ్ మీదున్న వాట్లని బట్టి మీరే లెక్క కట్టొచ్చు: మన ఇళ్ల ఓల్టేజీ 230ని 230తో గుణిస్తే 52,900, దాన్ని వాట్లతో భాగించాలి. 300 వాట్ల రాడ్‌కి సుమారు 176 ఓమ్‌లు, 250 వాట్లకి 212. కాస్త అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది. సున్నాకి దగ్గరగా ఉంటే షార్ట్ అయింది. (పింగాణీలా ఉండే రాడ్‌కి ఈ లెక్క పనికిరాదు, దాని ఓమ్‌లు వేడితో బాగా మారిపోతాయి.)

తర్వాత మీటరు ముల్లు ఒకటి వైరుకీ, ఇంకోటి స్టీలు గొట్టానికీ పెట్టండి. అక్కడ మీటరు ఏమీ చూపించకూడదు. చూపిస్తే కరెంటు బాడీకి లీకవుతున్నట్టే. పొయ్యి వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోయే ఇళ్లలో కారణం ఇదే కావచ్చు. అయితే మన నెల్లూరు, ప్రకాశం వైపు ఇంకో మెలిక ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. వాడకుండా పడున్న రాడ్ లోపలి పొడి ఆ తేమని పీల్చుకుంటుంది. అలాంటి రాడ్‌ని ఎండలోనో వెచ్చటి చోటనో బాగా ఆరబెట్టి మళ్లీ కొలవండి. ఆరాక లీకేజీ పోతే రాడ్ బాగున్నట్టే.

ఆ ముసురు పెల్లెట్లకీ పడదు. ఒకటి తీసి విరవండి. టక్కున విరిగితే మంచిది. వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోతే తేమ పట్టింది, కొత్త రాడ్ పెట్టినా అది రాజుకోదు.

ఓల్టేజీ కూడా చూడండి. 230 బదులు 200 వస్తుంటే 300 వాట్ల రాడ్ ఇచ్చేది 227 వాట్లే, అంటే నాలుగో వంతు వేడి తగ్గిపోయింది.

ఇక కావలి సంగతి. రెండోసారి వెళ్లినప్పుడు పోయిన రాడ్‌ని బయటికి లాగి చూశాను. కొన దగ్గర నీలంగా కమిలి, కొంచెం ఉబ్బి ఉంది. టార్చి వేసి గిన్నెలోకి చూస్తే రాడ్‌కి ఎదురుగా ఉండాల్సిన రంధ్రం కనిపించలేదు. బూడిద కరిగి గాజులా గట్టిపడిన చిట్టెం దాన్ని పూర్తిగా మూసేసింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే శనగగింజంత ముక్క ఊడి చేతిలో పడింది. ఆ ముక్క గాలిని ఆపేసింది, గాలి ఆడక రాడ్ తన వేడికి తానే మాడిపోయింది. రెండు రాడ్ల డబ్బు ఆ ముక్కకే పోయింది.

కాబట్టి రంధ్రం, గొట్టం శుభ్రం చేశాకే కొత్త రాడ్ పెట్టండి. పాతదాన్ని వెంట తీసుకెళ్లి ఓల్టు, వాట్లు, లావు, పొడవు, మర చూసి అచ్చం అలాంటిదే కొనండి. పాతదాన్ని తీసేముందే ఎంత లోపలికి ఉందో మార్కరుతో గీత పెట్టుకోవాలి. కొత్తది కూడా అంతే లోతుకి, గొట్టం గోడకి తగలకుండా మధ్యలో ఉండాలి. వైర్లకి పింగాణీ కనెక్టరు, ఫైబర్‌గ్లాస్ స్లీవు వాడండి. మామూలు ఇన్సులేషన్ టేపు కరిగిపోతుంది. సోల్డరింగూ వద్దు, తగరం, సీసం కలిసిన సోల్డరు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. ఎర్త్ వైరు ఊడదీసి ఉంటే తప్పకుండా తిరిగి బిగించండి.

రాడ్ పని చేస్తుందో లేదో చూద్దామని బయట పట్టుకుని కరెంటు ఇవ్వకండి. చేయి కాలుతుంది, గాలి లేక రాడ్ కూడా దెబ్బతింటుంది. పొయ్యిలో పెట్టి, మూతలన్నీ వేసి, గుప్పెడు పొడి పెల్లెట్లతోనే చూడండి. మంట అంటుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో పొయ్యి పక్కన గోడ మీదే రాసిపెట్టండి. రేపు ఆ సమయం పెరుగుతూ పోతే ముందు గిన్నె రంధ్రం చూడాలి.

మంట వచ్చి కూడా పొయ్యి రెండు నిమిషాలకే ఆగిపోతోందా? అది రాడ్ తప్పు కాదు, మంటని కనిపెట్టే సెన్సరుది కావచ్చు. 5వ పాఠంలో దాన్ని విప్పుదాం. అప్పటికి ఒక మెత్తటి పాత గుడ్డ, చిన్న బ్రష్ దగ్గర పెట్టుకోండి.