పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ఆటోమేటిక్కా, మాన్యువలా అన్నది గేర్‌బాక్సునే అడగండి

"నాకు మాన్యువల్ అంటేనే ప్రాణం" అని ముందే తీర్మానించుకుని వెళ్లి, క్లచ్చు చివరి రోజుల్లో ఉన్న బండిని మురిపెంగా ఇంటికి తెచ్చుకున్నవారిని చూశాను. "ట్రాఫిక్‌లో ఎడమకాలికి విశ్రాంతి" అనుకుని ఆటోమేటిక్ కొని, లక్ష దాటిన రిపేరు బిల్లు చేతిలో పట్టుకుని దిగాలుగా కూర్చున్నవారినీ చూశాను. ఇద్దరూ కారును నడపకముందే నిర్ణయం తీసుకున్నారు. పాత బండి విషయంలో ఆ వరస తిరగేయాలి.

ఇంకో చిక్కు ఉంది. ఆటోమేటిక్ అన్న ఒక్క మాట కింద రకరకాల యంత్రాలు తిరుగుతున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీనే తీసుకోండి. (పోలోను స్పోర్ట్స్ కారంటే నవ్వేవాళ్లు నవ్వనీ. ఆ మోజుతో మన దగ్గర పాత బండి వెతికేవారిలో చాలామంది చేరేది దాని దగ్గరికే.) 2013లో వచ్చిన 1.2 టీఎస్‌ఐలో (టీఎస్‌ఐ అంటే టర్బో పెట్రోల్ ఇంజను) ఏడు గేర్ల డీఎస్‌జీ ఉంది, అంటే రెండు క్లచ్చులతో తనంతట తానే గేరు మార్చుకునే గేర్‌బాక్సు. 2020లో వచ్చిన 1.0 టీఎస్‌ఐలో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంది, అంటే ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా అందించే పాత తరహా ఆటోమేటిక్. వెనకాల రెండింటికీ జీటీ అనే అక్షరాలే, అమ్మేవాడి నోట రెండూ ఆటోమేటిక్కే. లోపల మాత్రం ఒకదానికి ఒకటి దూరపు చుట్టం కూడా కాదు. అదే 1.0 ఇంజనుతో ఆరు గేర్ల మాన్యువల్ పోలో కూడా దొరుకుతుంది.

చాలా కార్లలో ఈ ఎంపిక మనకు మిగలనే లేదన్నదీ నిజమే. 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఆటోమేటిక్‌లోనే వచ్చింది. అబార్త్ పుంటో మాన్యువల్‌లోనే వచ్చింది. స్కోడా స్పోర్ట్స్ రకాలైన ఆర్‌ఎస్ బండ్లలో 2004 నాటి ఆక్టావియా, 2011 నాటి లారా మాన్యువల్; 2017 ఆక్టావియా డీఎస్‌జీ. అందుకే ముందు బండిని వినండి, తర్వాత మీ కాలిని అడగండి.

వినాలంటే బండి చల్లగా ఉండాలి. "మీరు వస్తున్నారని స్టార్ట్ చేసి ఉంచానండి" అంటే మర్యాదగా మరుసటి రోజు పొద్దున వస్తానని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే స్కానర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. అది ఎందుకో కింద వస్తుంది.

ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఒకటి నుంచి రెండుకు మారుతూ బండి వణుకుతోంది

పైన చెప్పిన పోలో 1.2లో ఉండే డ్రై క్లచ్ డీఎస్‌జీలో ఎక్కువగా కనిపించే లక్షణం ఇదే. మాన్యువల్ బండిలో ఉండే పొడి క్లచ్ ప్లేట్లే ఇందులో రెండు ఉంటాయి. వాటిని చల్లబరచడానికి చుట్టూ ఆయిల్ ఉండదు. తొక్కడం, వదలడం మన కాలికి బదులు మెకట్రానిక్ అనే భాగం చేస్తుంది. ముందున్న బండికి మూడడుగుల దూరంలో నడక వేగంతో జరుగుతున్నంతసేపూ ఆ యంత్రం హాఫ్ క్లచ్‌లోనే ఉన్నట్టు లెక్క. మాన్యువల్ బండిలో అలా చేస్తే కాసేపటికి కాలిన వాసన వచ్చి మనకే భయం వేస్తుంది. ఇక్కడ కాలు నొప్పి పుట్టదు కాబట్టి ఎవరికీ తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరుతోనే బండిని నిలబెట్టే అలవాటు ఉన్న పాత యజమాని చేతిలో ఆ ప్లేట్లు ఎంత వేగంగా అరుగుతాయో ఊహించుకోవచ్చు.

పరీక్ష ఇలా చేయండి. పది నిమిషాలు రద్దీలో నడిపి గేర్‌బాక్సును వేడెక్కనివ్వండి. తర్వాత కొద్దిపాటి ఎత్తున్న ఖాళీ సందు చూసుకుని, డ్రైవ్‌లో పెట్టి బ్రేకు వదలండి. యాక్సిలరేటరు ముట్టుకోవద్దు. బండి మెల్లగా, నునుపుగా కదలాలి. అలా నాలుగైదుసార్లు ఆపి కదిలించండి. రివర్స్‌లోనూ అంతే. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి వేడెక్కాక వణికితే అనుమానం ప్లేట్ల మీదే.

బాగు చేయించే క్రమం ముఖ్యం. మొదట కంప్యూటర్‌తో క్లచ్ అడాప్టేషన్ చేయిస్తారు. ప్లేట్లు ఎక్కడ పట్టుకుంటున్నాయో గేర్‌బాక్సు మళ్లీ నేర్చుకుంటుంది. దానితో నయమైతే అదృష్టం. కొన్ని వారాల్లో వణుకు తిరిగొస్తే క్లచ్ ప్యాక్ (రెండు క్లచ్చుల సెట్టు) మార్చక తప్పదు. మెకట్రానిక్ వైపు వెళ్లాల్సింది ఆ తర్వాతే. తొలి చూపులోనే "మెకట్రానిక్ పోయింది" అని తేల్చేసే షెడ్డు నుంచి బండిని బయటకు తీసుకురండి.

స్కానర్ అవసరం ఇక్కడే. అమ్మే ముందు రోజు అడాప్టేషన్ చేయించి, తప్పుల కోడ్లన్నీ చెరిపేసి చూపించేవాళ్లు ఉంటారు. కోడ్లు లేవని మురిసిపోకండి. కోడ్లు చెరిపిన తర్వాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా స్కానర్లు చూపిస్తాయి. ఆ అంకె 12 అని ఉంటే, నిన్ననే ఏదో తుడిచేశారన్నమాట.

రివర్స్ పడటం లేదు. రెండు, నాలుగు, ఆరు గేర్లు కూడా లేవు

లెక్కల పొడుపు కథలా ఉన్నా దీనికి విడుపు సులువు. ఏడు గేర్ల డ్రై డీఎస్‌జీలో ఒక క్లచ్చు 1, 3, 5, 7 గేర్లను చూసుకుంటుంది. రెండోది 2, 4, 6, రివర్స్‌ను. కాబట్టి ఏ గుంపు మాయమైందో చూస్తే తప్పు ఏ వైపు ఉందో తెలుస్తుంది. గేర్లన్నీ ఒకేసారి పోయి, తెర మీద గేరు గుర్తు ఆరుతూ వెలుగుతూ ఉంటే మెకట్రానిక్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఉండవచ్చు. రిపేరు లక్షల్లోకి వెళ్లేది ఇక్కడే. ఇలాంటి బండిని ఎంత బేరానికి వచ్చినా నేనైతే ముట్టుకోను.

ఈ గేర్‌బాక్సుకు వేడి, తేమ పడవన్న సంగతి కంపెనీకి కూడా అనుభవమే. 2013 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిపించి, ఏడు గేర్ల డీఎస్‌జీలో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోయించింది. మే నెలలో హైదరాబాదు, విజయవాడ ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

డీఎస్‌జీయే, కానీ గేరు గేరుకూ చిన్న దెబ్బ తగులుతోంది

2017 ఆక్టావియా ఆర్‌ఎస్‌లో ఉన్నది ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ. ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి రద్దీని బాగా తట్టుకుంటుంది. దాని ప్రాణమంతా ఆ ఆయిల్‌లోనే. 60,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. బిల్లు చూపించమనండి. మాట కాదు, బిల్లు. లేకపోతే ఆ ఖర్చును ధరలో తగ్గించి, కొన్న వెంటనే మార్పించండి. చాలాసార్లు ఆ దెబ్బ తగ్గిపోతుంది.

తగ్గకపోతే రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) గురించి అడగండి. ఆ గేర్‌బాక్సు తట్టుకునేలా తయారైంది 350 న్యూటన్ మీటర్ల టార్క్‌కు, అంటే ఇంజను తిప్పే బలానికి. ఆ ఇంజను కంపెనీ నుంచి వచ్చేటప్పటికే అంత ఇస్తుంది. పైన ఇంకొంత పోస్తే భారం పడేది ప్లేట్ల మీదే.

యాభై, అరవై వేగంలో నిదానంగా వెళ్తుంటే రంబుల్ పట్టీల మీద నడిచినట్టు ఉంది

రోడ్డు నున్నగా ఉన్నా అలా అనిపిస్తే అది టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్చు (ఇంజనును గేర్‌బాక్సుకు నేరుగా బిగించేది) జారడం. ఎక్కువగా ముసలిదైపోయిన ఆయిల్ వల్ల వస్తుంది. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేయించి చూడాలి. అప్పటికీ పోకపోతే కన్వర్టర్ విప్పాలి. డ్రైవ్‌లో పెట్టిన తర్వాత రెండు మూడు సెకన్లు ఆలోచించి గానీ పట్టుకోకపోతే ఆయిల్ తగ్గి ఉంటుంది, లేదా లోపలి సీళ్లు అరిగి ఉంటాయి.

"ఈ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదండి" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఎవరి జీవితాంతం? బీఎండబ్ల్యూ వంటి కంపెనీలకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జెడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. ఇంత చెప్పినా, ఆటోమేటిక్‌లలో మన ఊళ్లకు నేను ఓటేసేది ఈ టార్క్ కన్వర్టర్ రకానికే. డీఎస్‌జీ అంత చురుకు ఉండకపోవచ్చు, కానీ ఆయిల్ చూసుకుంటే బతికి బట్టకడుతుంది.

అబార్త్ 595 లాంటి వాటిలో ఉండే ఏఎంటీ గురించి ఒక్క మాట చాలు: అది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కేది మాత్రం మోటారు. దాన్ని కింద చెప్పే మాన్యువల్ లక్షణాలతోనే చూడండి.

మాన్యువల్: చప్పుడు క్లచ్ తొక్కితే వస్తోందా, వదిలితే వస్తోందా?

ఒకసారి ఒక బండిని చూడటానికి మా పేటలో షెడ్డు నడిపే పెద్దాయనను వెంట తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తమనలేదు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగలేదు. ఇంజను స్టార్ట్ చేయించి, న్యూట్రల్‌లో ఉండగా ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు. "క్లచ్ తొక్కు బాబూ" అన్నారు. తొక్కాను. "వదులు." వదిలాను. మూడుసార్లు అదే. వదిలినప్పుడు సన్నగా గరగరమంటున్నది తొక్కగానే ఆగిపోతోంది. ఆయన లేచి చేతులు దులుపుకుని, "క్లచ్ కాదు, గేర్‌బాక్సు బేరింగు" అన్నారు. అమ్మేవాడి ముఖం చూస్తే ఆ మాట అతను అంతకుముందే విని ఉన్నాడని తెలిసిపోయింది.

సూత్రం అదే. తొక్కితే ఆగే చప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుది, గేర్‌బాక్సు విప్పాలి. తొక్కితే మొదలయ్యేది రిలీజ్ బేరింగుది; క్లచ్ సెట్టుతో పోతుంది. ఈ తేడా తెలియకపోతే క్లచ్చంతా మార్పించి కూడా అదే గరగర వింటూ తిరగాలి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (కుదుపులు తగ్గించడానికి రెండు ముక్కలుగా చేసిన ఇంజను చక్రం) ఉన్న బండ్లలో అది వదులైనా ఇలాంటి శబ్దమే వస్తుంది. గేర్‌బాక్సు దింపినప్పుడు దాని ప్లే (వదులు) ఎంతుందో కూడా చూడమనండి.

క్లచ్ జారుతోందా అన్నది మూడో గేరులో తెలుస్తుంది. ఖాళీ రోడ్డులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ముల్లు ఎగిరి వేగం అక్కడే ఉంటే ప్లేటు అయిపోయింది, లేదా ఇంజను వెనక సీలు కారి ప్లేటుకు ఆయిల్ అంటింది. రెండో కారణాన్ని వదిలేసి కొత్త ప్లేటు వేస్తే అదీ అలాగే పోతుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్పించండి. కూలి ఎటూ ఒకటే.

తొక్కిన పెడల్ పైకి రాకుండా నేలకే అంటుకుంటే, పెడల్ ఒత్తిడిని క్లచ్చుకు చేర్చే స్లేవ్ సిలిండరు లీకు. బయట ఉంటే గంట పని. నిస్సాన్ 370జెడ్‌లో అది గేర్‌బాక్సు లోపలి వైపు ఉంటుంది, ఆ కారుకు ఇది పేరుమోసిన జబ్బు కూడా. చిన్న భాగం కోసం గేర్‌బాక్సు మొత్తం దింపాలి. రెండో గేరు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాస్త మొండికేస్తే కంగారు పడకండి. వేడెక్కాక కూడా కర్రుమంటే సింక్రో (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగు) అరిగినట్టు.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో పాత పోర్షే బాక్స్‌స్టర్ మీద మనసు పడేవారికి ఒక సూచన. 1997 నుంచి 2008 వరకు వచ్చిన వాటి ఇంజన్లలో ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగు అనే బలహీనత ఉంది. మాన్యువల్ బండికి క్లచ్ మార్చే రోజున, గేర్‌బాక్సు ఎలాగూ దిగి ఉంటుంది కాబట్టి, ఆ బేరింగు పని కూడా కలిపి చేయిస్తారు. కొన్ని సంవత్సరాల ఇంజన్లలో మాత్రం ఇంజను విప్పితే తప్ప అది బయటకు రాదు. క్లచ్ బిల్లు ఉన్న బండి దొరికితే అందులో ఆ పని కూడా ఉందేమో చదవండి.

బండి బాగానే ఉంది, మోకాలు బాగాలేదు

ఇప్పుడు మీ వంతు. రోజూ మాదాపూర్ నుంచి గచ్చిబౌలికి సాయంత్రం ఆరింటికి వెళ్లేది ఈ కారులోనే అయితే, స్పోర్ట్స్ క్లచ్చు బరువు మోకాలికి నెలలోపే తెలుస్తుంది. మీకు టార్క్ కన్వర్టర్, లేదా ఆయిల్ బిల్లులన్నీ ఉన్న వెట్ క్లచ్. డ్రై క్లచ్ ఆ దారికి తగదు. ఇంట్లో ఇంకో బండి ఉండి, ఇది ఆదివారం శ్రీశైలం ఘాట్ కోసమే అయితే మాన్యువల్ తీసుకోండి. అక్కడ మలుపుకు ముందు మూడు నుంచి రెండుకు దించే ఆ క్షణం కోసమే కదా ఇదంతా. డ్రై డీఎస్‌జీ కూడా ఖాళీ రోడ్డు మీద చక్కగా ఉంటుంది. కొనేవారు మాత్రం క్లచ్ ప్యాక్ డబ్బు పక్కన పెట్టుకుని కొనండి.

బ్రిటన్‌లో ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ ఆటోమేటిక్‌లో పరీక్ష పాసైతే ఆ లైసెన్సుతో మాన్యువల్ నడపకూడదు.

ఏది కొన్నా మొదటి వారంలో గేర్‌బాక్సు ఆయిల్ మార్పించి, తీసిన ఆయిల్‌ను తెల్ల డబ్బాలో పట్టమనండి. నల్లగా, కాలిన వాసనతో ఉంటే, అడుగున లోహపు రజను మెరుస్తుంటే ఫోటో తీసి పెట్టుకోండి. మళ్లీ 5,000 కిలోమీటర్లకు కొద్దిగా తీయించి ఆ ఫోటో పక్కన పెట్టి చూడండి.