అరటి ఆకు మీద మచ్చ కనబడేసరికే ఆలస్యం: మారిన వానలు, తెగుళ్లు, ఏం చేయాలి

పెన్నా కింద అరటి వేసే రైతులు ఎక్కువగా అడిగేది, మందు కొట్టినా మచ్చ ఎందుకు ఆగట్లేదని. చాలాసార్లు లోపమంతా కొట్టిన టైములోనే ఉంటుంది.

సమస్య: కింది ఆకుల మీద మచ్చలు
ఆకు ఈనెల వెంట సన్నటి పసుపు గీతలు వస్తాయి, తర్వాత అవే మధ్యలో బూడిదరంగు, చుట్టూ పసుపు అంచు ఉన్న మచ్చలై ఆకంతా ఎండుతుంది, గెల ముదరకుండానే చెట్టు మీద పండిపోతుంది.

కారణం: సిగటోకా అనే శిలీంధ్రపు ఆకుమచ్చ తెగులు. దీనికి ఆకు మీద గంటల తరబడి తడి, 25-28 డిగ్రీల వెచ్చదనం రెండూ కావాలి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల వానలే దిక్కు. బంగాళాఖాతం వేడెక్కేకొద్దీ అవి కుంభవృష్టిగా పడుతున్నాయి, రాత్రిళ్లు కూడా సరిగ్గా చల్లబడట్లేదు, తెగులుకు ఇంకేం కావాలి? లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతాల్లో 1960ల నుంచి నల్ల సిగటోకా (ఇదే జాతిలో మరింత ఉధృతమైన తెగులు) ముప్పు సగటున 44 శాతం పెరిగిందని 2019లో ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధనలో తేలింది. అక్కడా కారణం ఆకు తడి, అనువైన వేడి. పైగా తెగులు లోపలికి దూరిన కొన్ని వారాలకు గానీ మచ్చ బయటపడదు. దీపావళి తర్వాత మీరు చూసే మచ్చ దసరా వానల్లో పట్టుకున్నది.

పరిష్కారం: మచ్చ కోసం చూడకండి, వాన చూసి కొట్టండి. ముసురు పట్టబోతోందంటే ముందే మాంకోజెబ్ మందు లీటరు నీటికి 2.5 గ్రాములు, వాన తెరిపిచ్చాక ప్రొపికొనజోల్ లీటరుకు 1 మి.లీ., జిగురు మందు కలిపి, ఆకు అడుగు కూడా తడిసేలా. ఒకే మందు పదేపదే కొడితే అది పనిచేయడం మానేస్తుంది. మచ్చపడిన భాగం కోసి తోట బయట కాల్చేయండి, కానీ మొత్తం ఆకులు దూసేయొద్దు, గెల వేసేటప్పుడు చెట్టుకు కనీసం 8 మంచి ఆకులుండాలి. అదనపు పిలకలు తీస్తే గాలి ఆడి ఆకు త్వరగా ఆరుతుంది. మే ఎండల్లో ఈ తెగులు బాగా నెమ్మదిస్తుంది, అప్పుడు దీని మందుకు డబ్బు తగలేయకండి.

సమస్య: చెట్టు పసుపెక్కి వాడిపోవడం
కాండం అడ్డంగా కోసి చూడండి. లోపల ఎర్రటి గోధుమరంగు చారలుంటే పనామా తెగులు, నేలలోని శిలీంధ్రం వల్ల వచ్చేది. చెట్టు తేలిగ్గా ఊడొచ్చి, దుంప కుళ్లి కంపు కొడితే దుంపకుళ్లు, మండే ఎండకు మడిలో తడి తోడైతే వచ్చేది.

పనామాకు మందు లేదు. చెట్టును దుంపతో పాటు తీసి కాల్చి, ఆ గుంతలో కిలో రెండు కిలోల సున్నం వేయండి. ఆ శిలీంధ్రం నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానప్పటిలా పొలాల మీదుగా నీళ్లు పారితే ఒక తోట నుంచి ఇంకో తోటకు పోతుంది. అందుకే వానలకు ముందే మురుగు కాలవలు తీయాలి, మందుల ఖర్చు కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు అదే. అమృతపాణికి పనామా త్వరగా పడుతుంది, ఒకసారి వచ్చిన చేలో మళ్లీ ఆ రకం వేయకండి. దుంపకుళ్లుకైతే నడివేసవిలో టిష్యూకల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్కలు నాటడం మానుకోండి, చెట్టు మొదలు దగ్గర నీళ్లు నిలవనీయకండి.

సమస్య: ఆకులు సన్నబడి, నిటారుగా, కుచ్చులా ఒకచోటే రావడం
కారణం బంచీటాప్ వైరస్, మోసేది పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు. ముందు పేనుబంకకు మందు కొట్టి, తర్వాతే చెట్టు పీకండి, లేకపోతే అవి పక్క చెట్లెక్కుతాయి. ఆ తోట పిలకలు ఎవరికీ ఇవ్వొద్దు, అడిగింది సొంత బావమరిదైనా సరే.