గ్లాసీ టైల్‌తో చిక్కు, మ్యాట్ టైల్‌తో చిక్కు: అసలు తప్పు ఎక్కడుంది?

కొత్తగా టైల్స్ వేయించుకున్నవాళ్లను కదిపితే రెండు రకాల మాటలు వినపడతాయి. గ్లాసీ, అంటే అద్దంలా మెరిసే టైల్ వేయించుకున్నవాళ్లు "మ్యాట్ అయితే జారేది కాదు" అంటారు. మ్యాట్, అంటే మెరుపు లేని టైల్ వేయించుకున్నవాళ్లు "ఎంత తుడిచినా మురికి పోవట్లేదు, గ్లాసీయే నయం" అంటారు. ఇద్దరి బాధా నిజమే. కానీ చాలాసార్లు తప్పు ఫినిష్‌ది కాదు. నీళ్లు పారే వాటం (వాలు) సరిగ్గా లేకపోవడం, తుడిచే నీళ్లలో సబ్బు ఎక్కువ కావడం, మేస్త్రీ గ్రౌట్‌ను (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్దను) పూర్తిగా కడగకుండా వెళ్లిపోవడం, ఇలాంటి వాటి నింద కూడా టైల్ మీదే పడుతుంది. పగలగొట్టించి మార్చే ఆలోచన చేసేముందు కారణం ఏమిటో తేల్చుకోండి. కొత్తగా కొనబోయేవాళ్లకు కూడా ఈ ఇబ్బందులు తెలిస్తే ఏ గదికి ఏది వేయాలో సగం తేలిపోతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. టైల్ మీద సెల్‌ఫోన్ టార్చ్ వేయండి. బల్బు ఆకారం స్పష్టంగా కనిపిస్తే అది గ్లాసీ. వెలుగు మసకగా చెదిరిపోతే మ్యాట్. ఆకారం తెలుస్తూనే అంచులు కరిగినట్టుంటే సాటిన్ లాంటి మధ్యస్థం. ఫినిష్ అంటే పైపొర మాత్రమే. లోపలి ఒళ్లు వేరే సంగతి. ఐఎస్‌ఓ 13006 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కలో విట్రిఫైడ్ (బాగా కాల్చి గట్టిపరిచిన) టైల్ నీళ్లు పీల్చేది 0.5 శాతానికి మించదు, గోడలకు వేసే మామూలు సెరామిక్ టైల్ 10 శాతానికి మించి పీలుస్తుంది. మెరుపు ఒకేలా ఉన్నా ఈ రెండూ తడికి, మరకకు ఒకేలా ఆగవు.

కాలు పెడితే జారుతోంది

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మెరుపు తగ్గితే కళ్లకే ఇబ్బంది, జారిపడితే ఎముకలు విరుగుతాయి.

మా నాన్నగారు స్నానాల గదిలో జారిపడ్డప్పుడు ఇంట్లో అందరం టైల్‌నే తిట్టాం. తీరా చూస్తే అది గ్లాసీ కాదు, మంచి మ్యాట్ టైల్. ఆ రోజు షవర్ కింద మోకాళ్ల మీద కూర్చుని ఒక్క టైల్‌ను మాత్రం వేడినీళ్లు, బ్రష్‌తో గట్టిగా రుద్ది కడిగాను. తడి మీద బొటనవేలితో రాస్తే ఆ ఒక్కటి కీచుమంది. పక్క టైల్ మీద వేలు వెన్న మీద జారినట్టు జారింది. కంటికి రెండూ ఒకేలా ఉన్నాయి. నెలల తరబడి పేరుకున్న సబ్బు పొర మ్యాట్‌లోని గరుకును నింపేసింది.

జారుడుకు కారణాలు మూడు. మొదటిది, ఇప్పుడు చెప్పిన సబ్బు పొర. నీళ్లు ఉప్పునీళ్లయితే సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి అతుక్కుంటుంది. ముందు గ్రౌట్‌ను మామూలు నీళ్లతో తడపండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి పోసి, ఐదారు నిమిషాలు ఆగి, బ్రష్‌తో రుద్ది బాగా కడగండి. గ్రౌట్ ముందే తడిసి ఉంటే ఆ పులుపును ఎక్కువగా పీల్చుకోదు. ఇది సెరామిక్, విట్రిఫైడ్ టైల్స్‌కే. పాలరాయి మీద ఏ పులుపూ పోయకండి, రాయి మెరుపు చచ్చిపోతుంది.

రెండోది, వాటం. షవర్ కింద మీటరుకు 20 మిల్లీమీటర్ల వాటం ఉంటే నీళ్లు నిలవవు. స్నానం అయిన పావుగంటకు కూడా ఒకచోట నీళ్లు మడుగు కట్టి ఉంటే మీ రోగం ఫినిష్‌ది కాదు, నేలది. దానికి ఆ భాగం తీసి మళ్లీ వేయించడం తప్ప దారి లేదు. అప్పటిదాకా వైపర్‌తో నీళ్లు లాగేయండి.

మూడోది, నిజంగానే ఫినిష్. నున్నని గ్లాసీ మీద పాదానికీ టైల్‌కీ మధ్య నీటి పొర నిలిచిపోతుంది, పోవడానికి సందు దొరకదు. మ్యాట్‌లోని సన్నని గరుకు ఆ పొరను చీలుస్తుంది. దీన్ని కొలిచే లెక్కలున్నాయి. టైల్ పెట్టె మీదో కంపెనీ వివరాల కాగితంలోనో ఆర్9 నుంచి ఆర్13 వరకు ఒక అంకె ఉంటుంది. నూనె పోసిన వాలుబల్ల మీద చెప్పులతో నడిపించి ఇచ్చే అంకె అది. స్నానాల గదిలో నడిచేది వట్టి కాళ్లతో కదా. దానికి ఏ, బీ, సీ అనే వేరే వర్గాలున్నాయి, సబ్బునీళ్ల మీద ఉత్త పాదాలతో చేసే పరీక్ష. ఏ కనీసం 12 డిగ్రీల వాలుకు, బీ 18కి, సీ 24కు ఆగుతుంది. షవర్ కింద బీకి తక్కువ వేయకండి అని నేను గట్టిగా చెబుతాను. అమెరికా లెక్కలో అయితే, తడిలో నడిచే ఇంటి లోపలి సమతల నేలకు ఘర్షణ అంకె కనీసం 0.42 ఉండాలి.

ఇప్పటికే గ్లాసీ వేసేసి ఉంటే జారకుండా చేసే ద్రావణాలు దొరుకుతాయి. టైల్ పైపొరను కొద్దిగా తినేసి గరుకు తెచ్చేవి కొన్ని, పైన పూత వేసేవి కొన్ని. మొదటి రకం మెరుపును తగ్గిస్తుంది, మళ్లీ రాదు. రెండో రకం అరిగిపోతుంది, మళ్లీ మళ్లీ వేయాలి. ఎవరూ చూడని మూలలో ఒక టైల్ మీద ప్రయత్నించి, నెల ఆగి చూసుకున్నాకే ముందుకెళ్లండి. పెద్దవాళ్లున్న ఇంట్లో అయితే స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ బిగించడం ముందు చేయండి, మిగతావి తర్వాత. ఆ గది నేల కొత్తగా వేసేటప్పుడు చిన్న టైల్స్ వేస్తే జాయింట్లు ఎక్కువై కాలికి పట్టు పెరుగుతుంది.

తుడిచిన వెంటనే చారలు, మసక

గ్లాసీ నేల మీద వచ్చే నిత్య ఫిర్యాదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాప్ తిరిగిన దారులన్నీ కనిపిస్తాయి. కారణం మూడింటిలో ఒకటి అయి ఉంటుంది, దాన్ని పట్టుకోవడం తేలికే. మూడు జానల దూరంలో రెండు చోట్లు ఎంచుకోండి. ఒకదాన్ని ఉత్త వేడినీళ్లతో తుడిచి ఆరబెట్టండి. రెండోదాన్ని పైన చెప్పిన నిమ్మ ఉప్పు నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.

వేడినీళ్లకే మసక పోతే అది క్లీనర్ మిగులు. సీసా మీద రాసినదానికంటే ఎక్కువ పోస్తున్నారన్నమాట. సబ్బు ఎక్కువైతే నేల ఇంకా శుభ్రం కాదు, జిగురు పట్టి దుమ్మును ఇంకా లాక్కుంటుంది. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో క్లీనర్ నీళ్లు, ఇంకోదానిలో మాప్ జాడించడానికి మంచినీళ్లు. చివర్లో పొడి మైక్రోఫైబర్ గుడ్డ ఒకసారి తిప్పండి.

నిమ్మ ఉప్పుకు పోతే అది నీళ్లలోని సున్నపు పొరో, గ్రౌట్ వేసినప్పుడు మిగిలిన సిమెంట్ పొరో. టైల్స్ వేసి కొన్ని వారాలే అయితే రెండోదే అనుకోవచ్చు. అలాగే మొత్తం గదిని కొంచెం కొంచెంగా శుభ్రం చేసుకోండి.

రెండింటికీ పోకపోతే ఎపాక్సీ గ్రౌట్ (సిమెంట్‌కు బదులు రెసిన్‌తో చేసేది) పొర గానీ, పాలిష్ టైల్ మీద ఫ్యాక్టరీలోనే పూసే రక్షణ మైనం గానీ అయి ఉండాలి. ఎపాక్సీకి దానికోసమే చేసిన రిమూవర్ కావాలి. ఎన్ని రోజులు ఆగితే అంత మొండికేస్తుంది కాబట్టి మేస్త్రీ ఇంకా పనిలో ఉండగానే చేయించండి.

ఒక హెచ్చరిక. "యాసిడ్ పోస్తే తెల్లగా వస్తుంది" అని ఎవరైనా అంటే వినకండి. టాయిలెట్ యాసిడ్ సిమెంట్ గ్రౌట్‌ను తినేస్తుంది. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్న ద్రావణం అయితే టైల్ గాజుపొరనే కరిగించేస్తుంది, ఆ మసక ఇక జన్మలో పోదు. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణానికే ప్రమాదం.

మ్యాట్ టైల్ రోజురోజుకీ నల్లబడుతోంది

మ్యాట్ పైభాగాన్ని దగ్గరగా చూస్తే చిన్న చిన్న గుంటలు, మెట్టలు ఉంటాయి. మాప్ మెట్టల మీద తిరుగుతుంది, మురికినీళ్లు గుంటల్లోకి దిగి అక్కడే ఆరిపోతాయి. అంటే మనం తుడిచిన ప్రతిసారీ మురికిని లోపల సర్దిపెడుతున్నాం. అందుకే రోజూ తుడిచే ఇంట్లో కూడా ఇది నల్లబడుతుంది. పని చేసేవాళ్లను తప్పుపట్టకండి.

ఇక్కడ పులుపు కాదు, క్షారం కావాలి, ఎందుకంటే మురికిని పట్టి ఉంచేది జిడ్డు. చేతికి గ్లౌజులు వేసుకుని, గోరువెచ్చని నీళ్లలో చాకలి సోడా గానీ జిడ్డు తీసే క్లీనర్ గానీ కలిపి నేల మీద పరచండి. పది నిమిషాలు ఆరనివ్వకుండా ఉంచి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. అసలు కీలకం తర్వాతి పని. ఆ మురికినీళ్లను తుడవకండి, ఎత్తేయండి. వైపర్‌తో లాగి పొడి గుడ్డతో అద్దడమో, తడి పీల్చే వ్యాక్యూమ్ వాడడమో చేయాలి. ఆపైన మంచినీళ్లు. ఒకసారి ఇలా చేశాక టైల్ అసలు రంగు చూసి మీకే ఆశ్చర్యమేస్తుంది. మెరుపు వస్తుందని మ్యాట్ మీద మైనం, పాలిష్ మాత్రం వేయకండి, గుంటల్లో చేరి పసుపుపచ్చగా మారుతుంది.

లేత రంగు మ్యాట్ మీద పెన్సిల్ గీతలు

నీళ్లకు పోవు, సబ్బుకు పోవు, గోటితో గీకితే తెలియదు. అందరూ టైల్ గీసుకుపోయిందని కంగారుపడతారు. నిజానికి ఇక్కడ అరిగింది టైల్ కాదు, దాని మీద లాగిన స్టీలు బకెట్టో అల్యూమినియం నిచ్చెనో. గట్టి గరుకు పైపొర లోహాన్ని పెన్సిల్ ముల్లులా అరగదీసి ఆ పొడిని తనలో ఉంచుకుంది. ఆక్సాలిక్ ఆసిడ్ ఉన్న పొడి క్లీనర్‌ను ముద్దలా చేసి మెత్తటి స్పాంజితో రుద్ది కడిగితే పోతుంది. మళ్లీ రాకుండా బకెట్లకు, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయండి.

గ్లాసీ మీద నిజమైన గీతలు, నడిచే దారిలో మెరుపు పోవడం

ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7. చాలా టైల్స్ పైపొర అంతకంటే మెత్తన. గుమ్మం దగ్గర చెప్పులకు అంటిన ఇసుక రేణువు ఉలిలా పనిచేస్తుంది. మ్యాట్ మీద కూడా గీత పడుతుంది, కానీ వెలుగు చెదిరిపోతుంది కాబట్టి కనపడదు. ముదురు రంగు గ్లాసీ మీద ప్రతిదీ కనిపిస్తుంది.

గ్లేజ్ (పైన వేసే గాజుపొర) ఉన్న టైల్‌కు దీనికి మందు లేదు, ఆ టైల్ మార్చడమే. డబుల్ చార్జ్ లాంటి, పైన గ్లేజ్ లేకుండా ఒంటినే పాలిష్ చేసిన విట్రిఫైడ్ అయితే పనితెలిసినవాళ్లు మళ్లీ పాలిష్ పట్టగలరు. గుమ్మానికి బయటొకటి, లోపలొకటి కాళ్లు తుడుచుకునే పట్టా పరచండి. కొత్తగా కొనేటప్పుడు గ్లేజ్ టైల్ అయితే పీఈఐ అంకె అడగండి. అరుగుదలకు 0 నుంచి 5 వరకు ఇస్తారు. 0 గోడకే, హాలుకు 3 లేదా 4 చూసుకోండి.

మరక లోపలికి దిగిపోయింది

పాలిష్ చేసిన విట్రిఫైడ్‌తో వచ్చేది. పాలిష్ పట్టేటప్పుడు లోపలి సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుంటాయి. వాటిని నింపిన పూత బలహీనంగా ఉంటే టీ, సిరా, నూనె దిగుతాయి. సిరా, టీ మరకలకు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని పెట్టి పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా వదలండి. నూనెకు చాకలి సోడా ముద్ద. పోయాక సీలర్ (రంధ్రాలను మూసే పూత) పూయించండి. కొనేముందు అయితే నమూనా ముక్క మీద మార్కర్‌తో గీసి, గంట తర్వాత స్పిరిట్‌తో తుడిచి చూడండి.

ఎగుడుదిగుడుగా కనిపిస్తోంది

పక్కనుంచి వెలుగు పడితే రెండు టైల్స్ మధ్య చిన్న ఎత్తు తేడా కూడా నీడ వేస్తుంది. గ్లాసీ ఆ తేడాను అద్దంలా పట్టి చూపిస్తుంది, మ్యాట్ దాచిపెడుతుంది. పొడుగు టైల్స్ మధ్యలో కాస్త ఉబ్బి ఉంటాయి. వాటిని ఇటుకల వరుసలా సగానికి సగం జరిపి వేస్తే ఒకదాని ఉబ్బు పక్కదాని అంచు దగ్గరకు వస్తుంది. 15 అంగుళాలు దాటిన టైల్‌ను మూడో వంతుకు మించి జరపకూడదని అందుకే అంటారు. వేసేశాక చేయగలిగేది వెలుగు దారి మార్చడమే, గోడకు ఆనించిన లైటు తీసి పైకప్పు మధ్యలో పెట్టండి. పని ఇంకా మొదలుకాకపోతే లెవెలింగ్ క్లిప్పులు (పక్కపక్క టైల్స్‌ను ఒకే ఎత్తులో పట్టి ఉంచేవి) వాడమనండి. గ్రౌట్ వేసేముందు రాత్రి పూట టార్చ్‌ను నేలకు ఆనించి వెలిగించి మేస్త్రీతో కలిసి చూడండి.

దుకాణంలో చూసిన రంగు ఇంట్లో లేదు

గ్లాసీ రంగును లోతుగా చూపిస్తుంది, అదే రంగు మ్యాట్‌లో పాలిపోయినట్టుంటుంది. వెలుగు తక్కువ గదిలో గ్లాసీ గోడ నిజంగా మేలు చేస్తుంది. పెద్ద కిటికీకి ఎదురుగా నేల గ్లాసీ అయితే మధ్యాహ్నం కళ్లు చెదురుతాయి, ఒక పరదాతో సరిపోతే అదృష్టమే. పొయ్యి వెనక గోడకు గ్లాసీ, తడి నేలకు మ్యాట్, హాలు నేలకు సాటిన్, ఇది నా లెక్క. మీ ఇంటి వెలుగు వేరేగా ఉంటే మార్చుకోండి.

కొనేముందు రెండు ఫినిష్‌లలో ఒక్కో టైల్ ఇంటికి తెచ్చి, వేయబోయే చోటే నేల మీద పరచండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద చూడండి. నీళ్లు చల్లి, ఎవరైనా చెయ్యి పట్టుకుని ఉండగా వట్టి కాలు ఆనించి చూడండి. కాస్త జిడ్డు, దుమ్ము రాసి ఒక్క తడిగుడ్డతో తుడవండి. తేల్చుకున్నాక పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా అని చూసి, ఒక పెట్టె ఎక్కువే తీసుకోండి. పెట్టె మూత చించి ఆ నంబర్లున్న ముక్కను బిల్లుతో పాటు దాచిపెట్టండి.