ఎత్తులో పని, నాలుగవ పాఠం: హుక్కు ఎక్కడ, కింద ఖాళీ ఎంత

గత పాఠంలో ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీల కూర్పును, అంటే హార్నెస్‌ను చేత్తో తడిమి పరీక్షించడం, తొడల పట్టీలను అరచేయి దూరేలా, పిడికిలి దూరకుండా బిగించుకోవడం, వీపు మీద తాడు తగిలించే డీ రింగు రెండు రెక్కల ఎముకల నడుమ నిలిచిందో లేదో తోటివారి చేత చూపించుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠం హార్నెస్‌కు కట్టిన తాడు అవతలి కొస గురించి. కొలిచే టేపు, కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి. ఇందులోని లెక్కలు కూడికలనూ తీసివేతలనూ దాటవు.

"హుక్కు తగిలించావా?" అన్నది పనిచోట అందరూ అడిగే ప్రశ్న. అడగవలసిన ప్రశ్నే, కాని దానితో ఆగిపోవడం ప్రమాదమని నా గట్టి అభిప్రాయం. హుక్కు తగిలి ఉండి, తాడు తెగకుండా, హార్నెస్ ఊడకుండా ఉండి కూడా మనిషి నేలకు కొట్టుకోవచ్చు. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాము.

మీరు శ్లాబు అంచున నిలబడి ఉన్నారు. కింది అంతస్తు శ్లాబు మీ పాదాలకు 3 మీటర్ల దిగువన ఉంది. కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బరుతో కలిపి మీ లాన్యార్డు (డీ రింగును హుక్కుకు కలిపే తాడు) పొడవు 2 మీటర్లు. గట్టి ఆధారం పాదాల మట్టంలోనే కనిపించింది కాబట్టి హుక్కును అక్కడే తగిలించారు. మీ డీ రింగు పాదాలకు సుమారు 1.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. కాలు జారితే ఆ రింగు ముందుగా 1.5 మీటర్లు దిగి హుక్కు మట్టానికి వస్తుంది. అక్కడి నుంచి తాడు పొడవంతా, అంటే ఇంకో 2 మీటర్లు దిగితే గాని తాడు బిగుసుకోదు. మొత్తం 3.5 మీటర్లు. కాని కింది శ్లాబు 3 మీటర్లలోనే ఉంది. తాడు బిగుసుకోకముందే పాదాలు కాంక్రీటును తాకుతాయి.

కింద అడ్డేమీ లేదనుకున్నా లెక్క ఇక్కడితో పూర్తి కాదు. 3.5 మీటర్లు పడేసరికి శరీరం వేగం గంటకు దాదాపు 30 కిలోమీటర్లకు చేరుతుంది. ఆ వేగాన్ని తాడు ఒక్క కుదుపుతో ఆపితే శరీరం తట్టుకోలేదు కనుక అబ్జార్బరులో మడిచి కుట్టిన పట్టీ కుట్లు తెగుతూ సాగి, ఆ కుదుపును మింగుతుంది. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 355 ప్రకారం ఆపే బలం 6 కిలోన్యూటన్లు మించకూడదు, పట్టీ సాగడం 1.75 మీటర్లు దాటకూడదు. ఆరు కిలోన్యూటన్లంటే సుమారు 600 కిలోల బరువు లాగినంత. హార్నెస్ ఆ లాగుడును తొడలకు, తుంటికి, భుజాలకు పంచుతుంది. నడుము బెల్టు మొత్తాన్నీ పొట్ట మీదే వేస్తుంది. అందుకే అమెరికాలో నిర్మాణ పనులలో పడిపోయే మనిషిని ఆపడానికి నడుము బెల్టును వాడడాన్ని 1998 జనవరి 1 నుంచి అనుమతించడం లేదు.

ఇప్పుడు అన్నిటినీ కూడండి: తాడు 2 మీటర్లు, అబ్జార్బరు సాగుడు 1.75, డీ రింగు నుంచి పాదాల వరకు 1.5, ఆగిన తరువాత పాదాల కింద మిగలవలసిన ఖాళీ 1 మీటరు. మొత్తం 6.25 మీటర్లు. ఇది హుక్కు తగిలించిన చోటు నుంచి కిందికి కొలవవలసిన దూరం. పాదాల నుంచి కొలుస్తున్నట్లయితే హుక్కు పాదాలకు ఎంత ఎత్తున ఉందో అంత తీసివేయండి. మీ లాన్యార్డు మీద వేరే అంకెలు ముద్రించి ఉంటే వాటినే వాడండి.

హుక్కు పాదాలకు 2.5 మీటర్ల ఎత్తున, అంటే తలకు పైన ఉంటే పాదాల కింద కావలసిన ఖాళీ 3.75 మీటర్లకు తగ్గుతుంది. తాడు బిగిసేలోగా పడేది ఒక్క మీటరే, అప్పటి వేగం గంటకు 16 కిలోమీటర్లే. హుక్కు ఎప్పుడూ పైకే అని పదే పదే చెప్పడానికి కారణం ఇదే. అయినా మన ఉదాహరణలో ఉన్నది 3 మీటర్లే కదా! తక్కువ దూరం పడినప్పుడు అబ్జార్బరు కొంత తక్కువే సాగుతుంది గాని, తయారీదారు పట్టిక అలా రాసి ఇస్తే తప్ప ఆ భరోసాతో అంచున నిలబడవద్దు. ఇలాంటి ఎత్తులో ముందుగా అడగవలసినది అంచుకు రెయిలింగు. అది కుదరకపోతే, అంచును చేరనివ్వనంత పొట్టి తాడు. పడే అవకాశమే లేనప్పుడు ఖాళీ లెక్కతో పని ఉండదు. రెండు లాన్యార్డులను ఒకదానికొకటి కలిపి పొడవు పెంచుకోవడం మాత్రం ఎన్నడూ చేయకండి.

ఆధారం బలం సంగతి కొద్దిగా. అమెరికా నిబంధన ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,270 కిలోలు తట్టుకోగల ఆధారాన్ని అడుగుతుంది. లేదా నిపుణుడు లెక్కగట్టి, మనిషి పడినప్పుడు వచ్చే బలానికి రెట్టింపు తట్టుకునేలా రూపొందించినది ఉండాలి. కరెంటు వైర్ల గొట్టం, నీటి పైపు, కిటికీ చట్రం, తీగతో కట్టిన ఊచ ఇందుకు పనికిరావు. పరంజా గొట్టానికి కూడా, దానిని ఆధారంగా వాడవచ్చని బాధ్యుడైన ఇంజనీరు చెప్పనిదే, హుక్కు వేయవద్దు.

ఇక ఊగుడు. హుక్కు ఒకచోట ఉంచి మీరు పక్కకు నడుస్తూ పోతే, పడినప్పుడు నేరుగా కిందికి పోరు. లోలకంలా ఊగి స్తంభానికో గోడకో తగులుతారు. ఆ దెబ్బ నేల మీద పడిన దెబ్బకు తీసిపోదు. హుక్కు నుంచి దిగే నిలువు గీతకు తాడు 30 డిగ్రీలకు మించి వాలకుండా చూసుకోండి. పని పక్కకు జరిగితే హుక్కునూ జరపండి. తాడు శ్లాబు అంచు మీదుగా రాసుకునే చోట, అంచు మీద పరీక్షించిన లాన్యార్డు తప్ప వేరొకటి వాడరాదు, ఎందుకంటే పదునైన కాంక్రీటు అంచు బిగిసిన పట్టీని కోయగలదు.

అభ్యాసం. పైకప్పు అంచున నిలబడ్డారు, నేల పాదాలకు 5 మీటర్ల దిగువన ఉంది. హుక్కు పాదాలకు 1.5 మీటర్ల ఎత్తున ఉంది, లాన్యార్డు పై ఉదాహరణలోనిదే. కావలసినది 4.75 మీటర్లు, కనుక సరిపోతుంది. మధ్యాహ్నం ఎవరో సరిగ్గా మీ కిందే మీటరు ఎత్తున ఇటుకలు పేర్చారు. ఇప్పుడు సరిపోతుందా? సరిపోకపోతే హుక్కును ఎంత పైకి జరపాలి? జవాబును కాగితం మీద వేసి ఉంచండి. తాడుకు వేలాడుతున్న మనిషి కాళ్ళలో రక్తం నిలిచిపోకముందే అతనిని కిందికి దించడం ఎలాగో చెప్పే అయిదవ పాఠాన్ని ఈ లెక్కతోనే మొదలుపెడతాము.