డ్యూటీలో డ్రైవింగ్ – 4వ పాఠం: మూడు సెకన్ల దూరం, ఇంకోసారి

ఈసారి రాత్రి డ్యూటీ గురించి రాయాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. పోయినసారి చెప్పిన మూడు సెకన్ల దూరం, అంటే ముందు బండికీ మన బండికీ మధ్య వదలాల్సిన ఖాళీ, చాలామందికి కుదరలేదు, అది కుదరకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. సీటు బెల్టు, ఫోను సంగతులు మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను.

ముందు లెక్క సరిచేసుకుందాం. ముందు బండి వెనక భాగం ఒక లైటు స్తంభాన్ని దాటగానే లెక్క మొదలుపెట్టాలి. మూడు పూర్తయ్యాకే మీ బండి ఆ స్తంభం దగ్గరికి చేరాలి. "ఒకటి రెండు మూడు" అని గబగబా అనేస్తే ఒక్క సెకనే అవుతుంది. నేనైతే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు, వెయ్యిన్ని మూడు" అనుకుంటాను. ఇంట్లో గడియారం ముల్లు చూస్తూ నాలుగైదుసార్లు అనండి, నోటికి ఆ వేగం పట్టుబడుతుంది. వానైతే ఐదు దాకా లెక్కపెట్టండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఈ లెక్క అక్కర్లేదు, ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనే చోటు కనపడితే చాలు.

ఇక అసలు చిక్కు. విశాఖలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా రోజూ సర్వీసు వ్యాను తిప్పే కుర్రాడు అన్నాడు: "మాస్టారూ, మీరు చెప్పినట్టు దూరం వదిలితే ప్రతి ఆటో వచ్చి నా ముందే దూరుతోంది. ఇలాగైతే కస్టమర్ దగ్గరికి సాయంత్రానికి గానీ చేరను." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఈ ఒక్క భయంతోనే మంచి డ్రైవర్లు కూడా ముందు బండికి అతుక్కుపోతారు.

పోయేదెంతో లెక్క కడదాం. ఒక ఆటో దూరింది. దాని వెనక మళ్ళీ మూడు సెకన్ల దూరం తెచ్చుకోవడానికి మీకు పోయేది మహా అయితే మూడు సెకన్లు. దారిలో ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపు పది దూరాయనుకోండి, అర నిమిషం. దారంతా కలిపి ఇరవై దూరినా నిమిషం. కస్టమర్ గేటు దగ్గర బండి పెట్టే చోటు వెతకడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. పైగా దూరిన ఆటో మీ ముందే ఉండిపోదు, తర్వాతి స్టాపులో పక్కకు తీసేస్తుంది.

ఆటో దూరగానే బ్రేకు తొక్కకండి, వెనకవాడు కంగారు పడతాడు. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త వదలండి. స్పీడు 50 నుంచి 45కి దిగితే చాలు, ఇరవై సెకన్లలో దాదాపు 28 మీటర్లు వెనక్కి వస్తారు. హారన్ కొట్టక్కర్లేదు, టెన్షన్ పడక్కర్లేదు.

అతుక్కుపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి అదే దారిలో షీలానగర్ దగ్గర, చినుకుల్లో, స్టీలు కాయిల్ ట్రైలర్ వెనక పది మీటర్లలో పోతున్నాను. దాని బ్రేకు లైట్లు మట్టి పట్టి ఉన్నాయి, వెలిగిన సంగతి ఆలస్యంగా తెలిసింది. 50 స్పీడులో బండి సెకనుకు 14 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఆ పది మీటర్లూ అయిపోతాయి. ఎడమవైపు మట్టి అంచు ఖాళీగా ఉండబట్టి అటు తిప్పగలిగాను. వ్యాను ఆగేసరికి ట్రైలర్ వెనక చక్రం నా కుడి అద్దానికి జానెడు దూరంలో ఉంది. ఆ డ్రైవర్‌కి నేనక్కడ ఉన్నట్టే తెలియదు, ముందుకు కదిలి వెళ్ళిపోయాడు. ట్రైలర్ అద్దాలు మీకు కనపడకపోతే మీరూ అతనికి కనపడరు.

ఇంకో చిట్కా, ఇది నా సొంత అలవాటు. ఎడమ సీటు ముందు కింద, పెడల్స్ వైపు దొర్లకుండా, అన్నం క్యారేజీ నిలబెట్టుకుంటాను. గట్టిగా బ్రేకు తొక్కితే అది ఒరుగుతుంది. మధ్యాహ్నం దాకా అది ఒరగకపోతే ఆ పూట దూరం బాగా పాటించినట్టే.

సాధన: ఆరు రోజుల డ్యూటీ. హెల్పర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ముందు దూరిన బండ్లెన్నో, ఏ జంక్షన్ దగ్గరో అతనితో రాయించండి. బయల్దేరిన టైము, చేరిన టైము కూడా రాయాలి. ఒక్క రోజు వదిలేసినా మొదటి నుంచి మొదలుపెట్టండి. ఒంటరిగా తిరిగేవాళ్ళు బండి ఆపాకే రాసుకోండి. ఆ కాగితం దాచి ఉంచండి, రాత్రి డ్యూటీ పాఠంలో ఆ జంక్షన్ల పేర్లతోనే మనకు పని.