మంట పాఠాలు – 3: ఆవిరి ఎటు నడుస్తుంది?

పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు మండదనీ, దానిపై లేచే ఆవిరి గాలితో తగిన పాళ్ళలో కలిసినప్పుడే అంటుకుంటుందనీ గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ అంకెలను మరొకసారి రాసిపెట్టుకోండి: గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం, వంటగ్యాస్ 1.8 నుంచి 9.5 శాతం, సహజవాయువు 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు. ఈసారి నేర్చుకోవలసింది, కంటికి కనబడని ఆ ఆవిరి ఏ దారిన పోతుందో ముందే పసిగట్టడం.

గుణుపురం నుంచి కాశీనగరం మీదుగా పర్లాకిమిడి వెళ్తూ, ఒక సాయంత్రం సీసాల్లో పెట్రోలు అమ్మే కిరాణా కొట్టు ముందు బండి ఆపాను. కరెంటు లేదు. కొట్టు పెద్దాయన గరాటు పెట్టి ట్యాంకులో పోస్తుండగా, ఆయన మనవరాలు బుడ్డిదీపం తెచ్చి కింది మెట్టు మీద పెట్టబోయింది. గరాటు అంచు నుంచి జారిన నాలుగు చుక్కలు గచ్చు మీద నల్లగా పరుచుకుని, చూస్తుండగానే అంచుల నుంచి లోపలికి ఆరిపోయాయి. నేను పాపను దీపంతో వెనక్కి వెళ్ళమని కేకవేస్తే, "ఆరిపోయింది కదా బాబూ, ఇంకా భయమెందుకు?" అన్నాడాయన.

ఆ మాట వెనుక తరతరాల కిరసనాయిలు అలవాటు ఉంది. కిరసనాయిలు సాధారణంగా 38 డిగ్రీల వేడి దాటితే గానీ అంటుకునేంత ఆవిరిని ఇవ్వదు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా ఇస్తుంది. గచ్చు మీద తడి ఆరిందంటే పెట్రోలు మాయమైపోలేదు, గాలిలోకి చేరింది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి, నీళ్ళలాగే పల్లం వెతుక్కుంటూ మెట్లు దిగి, కాలువలోకి జారి, దూరాన ఉన్న దీపాన్ని చేరుకోగలదు. చేరిన మరుక్షణం మంట అదే దారిన వెనక్కి, సీసా దాకా పరుగెత్తుకొస్తుంది. అందుకే పెట్రోలు ఉన్నచోట నేలమీది దీపం చేతిలోని దీపం కంటే ప్రమాదకరం. చేతిలోనిదీ క్షేమం కాదు.

వంటగ్యాసుకూ ఇదే నడక. ఇది గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. ఇక్కడ ఒక లెక్క చేద్దాం. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న వంటగదిలో 27 ఘనమీటర్ల గాలి ఉంటుంది. దానిలో 1.8 శాతమంటే దాదాపు అర ఘనమీటరు, తూకంలో సుమారు ఒక కిలో గ్యాస్. 14.2 కిలోల సిలిండరులో అది చిన్న భాగమే. అయితే గ్యాస్ గదంతా సమంగా కలవకుండా నేల నుంచి అడుగు ఎత్తులోనే పేరుకుంటే, సుమారు నూరు గ్రాములతోనే ఆ పొర అంటుకునే స్థితికి వస్తుంది. పై కిటికీ ఒక్కటే తెరిచి ఊరుకుంటే ఈ పొర చాలాసేపు కదలదు. ఎత్తయిన గడప దాన్ని గట్టులా లోపలే నిలిపి ఉంచుతుంది.

సహజవాయువులో ప్రధానమైన మీథేను బరువు గాలిలో సగానికి కాస్త ఎక్కువ కాబట్టి అది పైకి లేచి కప్పు కింద చేరుతుంది. బయలులో తొందరగా చెదురుతుంది కూడా. అంతమాత్రాన పైపులైను లీకును తేలికగా తీసుకోరాదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గొట్టం నుంచి వెలువడిన గ్యాస్ తెల్లవారుజామున ఊరి మీద పరుచుకుని అంటుకున్నప్పుడు ఇరవైమందికి పైగా మరణించారు. భారీగా వెలువడే వాయువు చెదిరిపోయేలోగా నిప్పును వెతుక్కోగలదు.

వాసన తగిలినప్పుడు చేయవలసిన పని ఈ నడకను బట్టే ఉంటుంది. కరెంటు స్విచ్ వేయవద్దు, వెలుగుతున్న లైటు స్విచ్ ఆపనూ వద్దు. రెండింటిలోనూ రవ్వ పుడుతుంది. రెగ్యులేటరు కట్టేసి, నేలదాకా తెరుచుకునే తలుపులు తీసి, అందరినీ బయటికి పంపి, దూరం వెళ్ళాకే వంటగ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

అభ్యాసం: మీ వంటగది నేల పటం గీయండి. చెంబెడు నీళ్ళు పోస్తే ఎటు పారుతాయో బాణం గుర్తుతో చూపండి. ఆ దారిలో ఫ్రిజ్, దేవుడి దీపం, తూము ఎక్కడెక్కడ ఉన్నాయో, గడప ఎన్ని అంగుళాలో రాసి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ పటం మీదనే నిప్పురవ్వల లెక్క మొదలుపెడదాం.