అరాబిడాప్సిస్‌లో రోగనిరోధక రిసెప్టర్ల హెచ్చుతగ్గులు: సమస్య - పరిష్కారం

సమస్య 1: ఏ తెగులూ సోకకపోయినా, 22 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచిన అరాబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) మ్యూటెంట్లు, అంటే జన్యువు మారిన మొక్కలు, గిడసబారి, ఆకులు ముడుచుకుపోతున్నాయి. రక్షణ చర్యలు మొదలయ్యాయని సూచించే పీఆర్1 జన్యువు ఎప్పుడూ చురుగ్గానే ఉంటోంది.

కారణం: కణం లోపల శత్రువును గుర్తించే ఎన్‌ఎల్‌ఆర్ రిసెప్టర్లు అవసరానికి మించి పోగైతే, దాడి లేకుండానే రక్షణ చర్యలు మొదలై ఎదుగుదల కుంటుపడుతుంది. మామూలు మొక్కలో సీపీఆర్1 అనే ఎఫ్-బాక్స్ ప్రొటీన్ (విచ్ఛిన్నం కావాల్సిన ప్రొటీన్లను ఎంచుకునేది), ఎస్‌ఎన్‌సీ1, ఆర్‌పీఎస్2 అనే రెండు ఎన్‌ఎల్‌ఆర్ రిసెప్టర్లకు యూబిక్విటిన్ (విచ్ఛిన్నానికి గుర్తుగా తగిలించే చిన్న ప్రొటీన్) తగిలించే ఎంజైమ్ సముదాయంలో భాగంగా పనిచేస్తుంది. అలా గుర్తు పడిన రిసెప్టర్లను ప్రోటియాజోమ్ (ప్రొటీన్లను విచ్ఛిన్నం చేసే కణ యంత్రం) ముక్కలు చేస్తుంది. సీపీఆర్1 లోపిస్తే ఆ రెండూ పేరుకుపోతాయి.

పరిష్కారం: ముందుగా అదే విత్తనాలను 28 డిగ్రీల వద్ద కూడా పెంచి చూడాలి. ఎస్‌ఎన్‌సీ1 వల్ల వచ్చిన గిడసబారుతనం ఆ వేడిలో చాలావరకు తగ్గుతుంది కాబట్టి, మొక్క కోలుకుంటే అనుమానం బలపడుతుంది, అయితే అంతటితోనే నిర్ధారణ కాదు. ఆర్‌ఎన్‌ఏ కొలతతో సరిపెట్టుకోవడం ఇక్కడ జరిగే అసలు పొరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ మారకపోయినా, విచ్ఛిన్నం మందగిస్తే ప్రొటీన్ పెరుగుతుంది. అందువల్ల వెస్టర్న్ బ్లాట్ (ప్రతిరక్షకాలతో ప్రొటీన్‌ను గుర్తించే పరీక్ష)తో ప్రొటీన్‌నే చూడాలి. ఆపై సైక్లోహెక్సిమైడ్‌తో కొత్త ప్రొటీన్ తయారీని ఆపి, పాతది ఎంత వేగంగా తరిగిపోతోందో మామూలు మొక్కతో పోల్చాలి. మామూలు మొక్కలో ప్రోటియాజోమ్‌ను ఎమ్‌జీ132తో అడ్డుకున్నప్పుడు రిసెప్టర్ పెరిగితే, విచ్ఛిన్నం ఆ దారినే సాగుతోందని చెప్పవచ్చు. చివరి తీర్పు జన్యుశాస్త్రానిదే: ఎస్‌ఎన్‌సీ1 పనిచేయని మొక్కతో సంకరం చేసినప్పుడు ఎదుగుదల చాలావరకు తిరిగివస్తే, కారణం దొరికినట్లే.

సమస్య 2: ఎఫ్‌ఎల్‌జీ22 పెప్టైడ్‌కు (బ్యాక్టీరియా కశాభ ప్రొటీన్‌లోని చిన్న ముక్కకు) మొదట బాగా స్పందించిన ఆకు, కాసేపటికి మళ్లీ ఇస్తే స్పందించడం లేదు.

ఇది లోపం కాదు. పెప్టైడ్ తగిలాక, దాన్ని గుర్తించే ఎఫ్‌ఎల్‌ఎస్2 అనే కణ పొర రిసెప్టర్, బీఏకే1 అనే సహ రిసెప్టర్‌తో జతకడుతుంది. పీయూబీ12, పీయూబీ13 అనే లైగేజ్ ఎంజైమ్‌లు ఎఫ్‌ఎల్‌ఎస్2కు యూబిక్విటిన్ తగిలిస్తాయి. రిసెప్టర్ పొర నుంచి లోపలికి వెళ్లి విచ్ఛిన్నమవుతుంది. సుమారు గంటలోనే దాని పరిమాణం తగ్గి, తర్వాతి కొన్ని గంటల్లో కొత్త తయారీతో మళ్లీ పెరుగుతుంది. కాబట్టి రెండో మోతాదుకు తగిన వ్యవధి ఇవ్వాలి, ప్రతి దశలోనూ ఎఫ్‌ఎల్‌ఎస్2ను కొలవాలి. కోలుకునే దశలో సైక్లోహెక్సిమైడ్ వాడితే ఆ పెరుగుదలే ఆగిపోతుందని గుర్తుంచుకోవాలి.

సమస్య 3: సూడోమోనాస్ సిరింగే బ్యాక్టీరియా సోకిన ఆకులో ఎఫ్‌ఎల్‌ఎస్2 తగ్గింది.

ఈ తగ్గుదలను మొక్క నియంత్రణకే ఆపాదించరాదు. ఈ బ్యాక్టీరియా కణంలోకి పంపే ఏవీఆర్‌పీటీవోబీ ప్రొటీన్ స్వయంగా యూబిక్విటిన్ లైగేజ్‌గా పనిచేసి ఎఫ్‌ఎల్‌ఎస్2ను విచ్ఛిన్నం వైపు నెట్టగలదు. ఇలాంటి ప్రొటీన్లను కణంలోకి పంపే టైప్ 3 స్రావ వ్యవస్థ లేని హెచ్‌ఆర్‌సీసీ మ్యూటెంట్ బ్యాక్టీరియాను పక్కనే కంట్రోల్‌గా పెట్టి, రెండు నమూనాలనూ ఒకే సమయంలో సేకరించాలి; తగ్గుదల రెండింటిలోనూ ఒకేలా ఉంటే మొక్క స్పందనను, మామూలు బ్యాక్టీరియాతోనే ఎక్కువగా ఉంటే ఆ ప్రొటీన్‌ను అనుమానించాలి.